చెట్టు ఎంత పొగ మింగగలదు?

మీ బడి ముందు రోడ్డు పక్కన చెట్టు ఏదైనా ఉందా? ఉంటే దాని దగ్గరికి వెళ్ళి, చేతికందే ఆకును కోయకుండానే వేలితో ఒకసారి రాసి చూడండి. వాన పడి వారం దాటితే చాలు, వేలికి నల్లగానో బూడిదరంగుగానో ఏదో అంటుకుంటుంది. అది ఒట్టి మట్టి కాదు. అందులో రోడ్డు దుమ్ము ఉంది, లారీ గొట్టంలోంచి వచ్చిన మసి ఉంది, టైర్లు అరిగి రాలిన రబ్బరు పొడి ఉంది, దగ్గర్లో ఇల్లేదైనా కడుతుంటే సిమెంటు కూడా ఉంది. ఆకు అక్కడ లేకపోతే అందులో కొంత మీ ముక్కులోకి చేరేది.

ఇది చూసి చాలామంది చటుక్కున ఒక లెక్క వేసేస్తారు. ఊరు పెరుగుతోంది, బండ్లు పెరుగుతున్నాయి, పొగ పెరుగుతోంది. కాబట్టి చెట్లు నాటేస్తే సరి! 1950 నుంచి మన దేశంలో ఏటేటా వనమహోత్సవాలు జరుపుతూనే ఉన్నాం. మీరూ ఎప్పుడో ఒక మొక్క నాటే ఉంటారు. మంచి పనే. కాని ఆ లెక్క సగమే సరైంది. మిగతా సగం తేలాలంటే చెట్టు గాలిని ఎలా శుభ్రం చేస్తుందో, ఎంత చేస్తుందో కాస్త నిదానంగా చూడాలి.

ముందు ఆమ్లజని సంగతి

"చెట్లు మనకు ఆమ్లజని ఇస్తాయి, అందుకే ఊళ్ళో చెట్లు కావాలి" అని వ్యాసరచన పోటీల్లో రాస్తుంటాం. మార్కులు కూడా పడతాయి! కాని గాలిలో నూటికి 21 పాళ్ళు ఆమ్లజని ఎప్పుడూ ఉంటుంది. అడవి నడుమ నిలబడి కొలిచినా, రద్దీగా ఉన్న నాలుగురోడ్ల కూడలిలో నిలబడి కొలిచినా ఇంచుమించు అంతే. నగరంలో మనకు కరువైనది ఆమ్లజని కాదు. దానితోపాటు ఊపిరితిత్తుల్లోకి దూరే చెత్త ఎక్కువైంది, అదీ చిక్కు. రావిచెట్టు రాత్రిళ్ళు కూడా ఆమ్లజని వదులుతుందన్న మాట మీరు వినే ఉంటారు. ఎండ లేనిదే ఏ చెట్టు ఆకూ ఆమ్లజనిని తయారుచేయలేదు. రాత్రిపూట రావి కూడా మనలాగే దాన్ని పీల్చుకుంటుంది.

కాబట్టి చెత్త సంగతి చూద్దాం. గాలిలో తేలే దుమ్మును శాస్త్రజ్ఞులు రేణువు సైజును బట్టి విడదీస్తారు. కొలత మైక్రాన్. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అన్నమాట. మన తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు అనుకోండి. 10 మైక్రాన్లకు మించిన దుమ్ము చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతుంది. చీదితే, దగ్గితే బయటికి వస్తుంది. 10 లోపుది లోపలికి దిగుతుంది. 2.5 మైక్రాన్ల లోపుదైతే ఊపిరితిత్తుల అట్టడుగున గాలిబుడగల దాకా పోతుంది. ఈ సన్నరకం ఎక్కువగా మంటలోంచి పుడుతుంది: డీజిలు, బొగ్గు, కట్టెలు, చెత్త, ఏది కాల్చినా సరే. మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఘనమీటరు గాలిలో ఈ సన్నదుమ్ము ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దయితే 5 మాత్రమే!

ఆకు చేసే పని

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. చెట్టు దుమ్మును మింగదు, పట్టుకుంటుంది. ఇంటి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా ఉంటుంది చూడండి, ఆకు అలాంటిది. గాలి ఆకుల గుబురులోకి దూరేసరికి దాని వేగం తగ్గుతుంది, సందుల్లో మలుపులు తిరుగుతుంది. ఆ మలుపుల్లో గాలితోపాటు తిరగలేక రేణువులు ఆకులకు కొట్టుకుని అంటుకుపోతాయి. నున్నగా మెరిసే ఆకు కంటే గరుకుగా, నూగుగా, ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న ఆకుకు ఎక్కువ అంటుతుంది. టేకు ఆకును తడిమి చూడండి, తెలుస్తుంది.

అయితే పట్టాను దులపకపోతే ఏమవుతుంది? కొన్నాళ్ళకు దానికి ఇక మట్టి అంటదు. ఆకూ అంతే. దాని మీద కొంత దుమ్ము పేరుకున్నాక కొత్తది నిలవదు, గట్టిగాలి వీస్తే పాతదే మళ్ళీ లేస్తుంది. వాన వచ్చి కడిగితేనే ఆకు మళ్ళీ పనిలోకి దిగుతుంది. కడిగిన దుమ్ము నేలలో ఇంకితే సరి. సిమెంటు మీద పడితే మాత్రం ఎండాక బండి చక్రాల కింద నలిగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఆకు మీదికే వస్తుంది.

వాయువుల సంగతి వేరు. ఆకు అడుగున కంటికి కనిపించని పత్రరంధ్రాలు వేలకు వేలు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ కోసం ఆకు వాటిని తెరిచినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి కూడా లోపలికి దూరి అక్కడి తడిలో కరిగిపోతాయి. కొద్దిగా అయితే గంధకం, నత్రజని చెట్టుకు ఎరువే. మోతాదు మించితే విషం. ఈనెల మధ్య పసుపు మచ్చలు లేస్తాయి, ఆకు అంచులు మాడతాయి. ఇటుకబట్టీల పొగ తగిలే మామిడి తోటల్లో కాయల కొసలు నల్లబడి కుళ్ళిపోయే జబ్బు ఒకటుంది. దానికి కారణం పురుగూ కాదు, బూజూ కాదు, ఆ పొగే. అంటే చెట్టు మన కాపలాదారే కాని ఇనుముతో చేసినది కాదు.

ఇక ఎంత పట్టుకుంటుంది అన్న ప్రశ్న. అమెరికా శాస్త్రజ్ఞులు 2006లో తమ దేశంలోని నగరాల చెట్లన్నిటికీ కలిపి లెక్కకట్టారు. ఏడాదికి 7 లక్షల 11 వేల టన్నుల కాలుష్యాన్ని అవి గాలిలోంచి తీసేస్తున్నాయని తేలింది. అబ్బో అనిపిస్తుంది కదూ? ఆ పక్కనే ఇంకో అంకె ఉంది. దానివల్ల నగరం గాలి మొత్తం మీద బాగుపడేది సాధారణంగా ఒక శాతం లోపే!

లండన్ కథ కూడా ఇదే చెబుతుంది. బొగ్గు పొగకు తట్టుకుంటాయని ఆ ఊరివాళ్ళు వీధుల నిండా ప్లేన్ చెట్లు పెంచారు. వాటి బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతూ మసిని వదిలించుకుంటుంది. అయినా 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా పొగమంచు ఊరిని కమ్మేసి, అప్పటి లెక్కల ప్రకారమే 4 వేల మందిని బలి తీసుకుంది. డిసెంబరులో ఆ చెట్లకు ఆకులే ఉండవు మరి! లండన్ తేరుకున్నది 1956లో చట్టం తెచ్చి, పొయ్యిల్లో పొగబొగ్గు కాల్చడం తగ్గించుకున్నాక.

అలాగైతే చెట్లెందుకు అని అడుగుతారేమో. ఒక శాతం అనేది ఊరంతటికీ సగటు. మనం ఊరంతటి గాలినీ పీల్చం, మన ముక్కు దగ్గరున్న గాలిని పీలుస్తాం. దుమ్ము లేచే చోటుకీ ముక్కుకీ మధ్యన సరైన చెట్ల వరస ఉంటే ఆ చోట తేడా ఒక శాతం కంటే బాగా ఎక్కువే ఉండవచ్చు. నీడ, చల్లదనం దీనికి అదనం. కనుక అసలు ప్రశ్న ఎన్ని చెట్లని కాదు. ఏ చెట్టు, ఎక్కడ, ఎన్నాళ్ళు అని.

విశాఖ పళ్ళెం

ఈ ప్రశ్నను పుస్తకంలోకంటే విశాఖపట్నంలో బాగా చదువుకోవచ్చు. 1933లో రేవు తెరిచేనాటికి అది చిన్న పట్టణం. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. తర్వాత ఎరువులు, జింకు, ఉక్కు. 2011 జనాభా లెక్కలనాటికి నగరంలో 17 లక్షల పైచిలుకు జనం. రేవులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది. కుప్పలు పోసేచోట, ఎత్తేచోట, దించేచోట పొడి లేస్తుంది. పాతపట్నం ఇళ్ళలో కిటికీ గూళ్ళు తుడిస్తే గుడ్డ నల్లబడటం అక్కడివాళ్ళకు కొత్త కాదు.

ఊరి ఆకారం కూడా కలిసిరాలేదు. ఉత్తరాన కైలాస కొండ, దక్షిణాన యారాడ కొండ. మధ్యన పరిశ్రమలూ ఇళ్ళూ ఉన్న పల్లం. అంచులెత్తిన పళ్ళెం అనుకోండి. పగలు సముద్రపు గాలి వీస్తుంది కాబట్టి కొంత నయం. శీతాకాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లారి, దాని మీది గాలి చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటుంది. పళ్ళేనికి మూత పెట్టినట్టే! పొగ పైకి పోదు, పక్కకూ పోదు. సరిగ్గా ఆ నెలల్లోనే వానలుండవు, ఆకులను కడిగేవాళ్ళుండరు. ఇక ఆ కాలంలోనే ఆకు రాల్చే చెట్టును అక్కడ నాటితే ఏం లాభం? గొడుగు కొని వానాకాలంలో అటక మీద పెట్టినట్టు! అలాంటి చోట ఏడాది పొడుగునా ఆకులుండే కానుగ, నేరేడు, మామిడి, పొగడ లాంటివి నయం.

రేవుల చుట్టూ, పరిశ్రమల చుట్టూ చెట్ల వరసలు పెంచడాన్ని హరితవలయం అంటారు. దీన్ని గోడలా కట్టేయవచ్చు కదా అనిపించవచ్చు. గోడను గాలి ఎగిరి దూకుతుంది; దూకి అవతల సుడి తిరిగి దుమ్మును ఇంకా లేపుతుంది. చెట్ల వరసలోకి గాలి చొరబడుతుంది, నెమ్మదిస్తుంది, మోస్తున్న బరువును దించేస్తుంది. వరస ఎత్తుకు పది రెట్ల దూరం దాకా ఆ నెమ్మది కనిపిస్తుంది. ముందు పొట్టి పొదలు, వెనక మధ్యరకం, ఆ వెనక ఎత్తైనవి. ఇలా మెట్లుమెట్లుగా ఉంటే మరీ మేలు. అయినా కుప్పల మీద నీళ్ళు చల్లడం, బొగ్గు పోయే పట్టీలను మూసి ఉంచడం మానేసి చెట్ల మీద భారం వేస్తే అవి మోయలేవు.

ఇక 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ దగ్గర తీరం దాటింది. ఒక్క పగటిలో ఊరి చెట్లలో చాలాభాగం కూలిపోయాయి. నిలిచినవాటికీ ఆకుల్లేవు. పచ్చగా ఉండే కొండలు మర్నాడు మాడిపోయినట్టు గోధుమరంగులో కనిపించాయి. తుపాను గాలికి ఎవరు నిలుస్తారు అంటారా? అన్ని చెట్లూ ఒకలాంటివి కావు. తురాయిని చూడండి. మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన చెట్టు, వేసవిలో ఎర్రగా పూస్తే కళ్ళు తిప్పుకోలేం. కాని దాని కర్ర పెళుసు, వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి. అందులోనూ ఒకవైపు కాలువ, ఒకవైపు తారురోడ్డు, మొదట్లో సిమెంటు. వేరు పోవడానికి దారేదీ? తాడిచెట్టుకు తలమీద గాలిని పట్టే కొమ్మల్లేవు. అది వంగి లేస్తుంది. కాని నాలుగు మట్టలతో అది పట్టే దుమ్మూ తక్కువే. రెండు గుణాలూ ఒకచోట దొరకడం కష్టమన్నమాట.

కూలినవాటి స్థానంలో త్వరగా పచ్చదనం రావాలని మళ్ళీ నాటారు. విరివిగా నాటినవాటిలో ఏడాకుల పాల ఒకటి. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. నాటేవాళ్ళకు ఇంకేం కావాలి? చెట్లు ఎదిగి, శీతాకాలం ముందు పూతకు వచ్చాయి. ఆ పూల ఘాటుకు తలనొప్పి అని కొందరు, ఉబ్బసం ఎక్కువైందని కొందరు ఫిర్యాదులు మొదలుపెట్టారు. గాలి బాగుపడాలని నాటిన చెట్టు మీద గాలి గురించే ఫిర్యాదు! కోనోకార్పస్ కథా ఇలాంటిదే. రోడ్ల మధ్య గుబురుగా కత్తిరించి ఉంచే ఈ మొక్కను మీరు చాలా ఊళ్ళలో చూసి ఉంటారు. దాని పుప్పొడి, వేళ్ళు తెచ్చే ఇబ్బందుల వల్ల గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడాన్ని నిషేధించాయి. త్వరగా పెరగడం ఒక్కటే చూసి చెట్టును ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది. జామాయిల్ లాంటి కొన్ని చెట్ల ఆకులు ఐసోప్రీన్ అనే ఆవిరిని బాగా వదులుతాయి. బండ్ల పొగతో, ఎండతో కలిస్తే అది నేలమట్టాన ఓజోన్‌గా తయారవుతుంది. ఈ ఓజోన్ గొంతు మండిస్తుంది.

మరి ఏ చెట్టు పొగకు తట్టుకుంటుందో తెలిసేదెలా? దీనికి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎస్.కె. సింగ్, డి.ఎన్. రావు 1983లో ఒక లెక్క చెప్పారు. ఆకులో నాలుగు విషయాలు కొలవాలి: ఉసిరికాయలో ఉండే సి విటమిన్ ఎంత, పత్రహరితం ఎంత, ఆకురసం పులుపుదనం ఎంత, నీటిశాతం ఎంత. ఈ నాలుగింటినీ ఒక సూత్రంలో వేస్తే ఒక అంకె వస్తుంది. అంకె పెద్దదైతే చెట్టు గట్టిది. చిన్నదైతే అది త్వరగా వాడిపోయి పొగ ఉందని మనకు ముందే చెబుతుంది. అదీ ఒక ఉపయోగమే. ఈ పద్ధతిని ఇవాళ చాలా దేశాల్లో వాడుతున్నారు.

చోటు గురించి ఇంకొక్క మాట. వెడల్పాటి రోడ్డు పక్కన మేలు చేసే చెట్టే ఇరుకు వీధిలో కీడు చేయవచ్చు. రెండువైపులా నాలుగంతస్తుల ఇళ్ళు, మధ్య ఇరుకు రోడ్డు, పైన పందిరిలా కలిసిపోయిన కొమ్మలు. అందంగానే ఉంటుంది. కాని కింద బండ్లు వదిలే పొగ ఆ పందిరిలో చిక్కుకుని నడిచేవాళ్ళ ముఖాల మీదే తిరుగుతుంది. అలాంటి వీధిలో రోడ్డుకీ నడిచే దారికీ మధ్య మీ ఎత్తు దడి దట్టంగా పెంచితే ఎక్కువ లాభం.

డెబ్బై మొక్కలు, ఒక చెట్టు

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే లెక్క ఇప్పుడు చెబుతాను. షికాగో నగరం చెట్ల మీద జరిగిన పరిశోధన 1994లో వెలువడింది. మాను అడ్డుకొలత 8 సెంటీమీటర్ల లోపున్న లేతచెట్టు ఏడాదికి తీసే కాలుష్యం సుమారు 20 గ్రాములు. 77 సెంటీమీటర్లు దాటిన పెద్ద చెట్టు తీసేది 1.4 కిలోలు. అంటే డెబ్బై రెట్లు! ఎందుకో ఊహించగలరు, పని చేసేది ఆకు, పెద్దచెట్టుకు ఆకులు లెక్కలేనన్ని.

"ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతాం" అనే మాటను ఈ లెక్కతో తూచి చూడండి. పదీ బతికినా, తొలి ఏళ్ళలో అవి పాతచెట్టు చేసిన పనిలో ఏడోవంతే చేస్తాయి. అన్నీ ఎక్కడ బతుకుతాయి? హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూరు వైపు పోయే రోడ్డు పక్కన సుమారు 900 మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటిని ఉంచాలా తీసేయాలా అని ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. రోడ్డు కావలసినవాళ్ళ ఇబ్బందీ నిజమే, ఇరుకు రోడ్డు మీద ప్రమాదాలు జరుగుతాయి. కాని అటువైపు తక్కెడలో పెట్టవలసిన బరువు 900 మొక్కలు కాదు. దాదాపు 60 వేల మొక్కలు.

పెద్దచెట్టును చంపడానికి గొడ్డలే అక్కర్లేదు. మొదలు దాకా సిమెంటు పోస్తే చాలు, వేళ్ళకు గాలీ నీరూ అందక ఏళ్ళ మీద ఎండిపోతుంది. చిన్నప్పుడు కాపలాకు పెట్టిన ఇనుప జాలీని విప్పకపోతే అదే మెడకు ఉరి. ఇక రాలిన ఆకులను ఊడ్చి మూలన పోగేసి నిప్పుపెట్టడం చూసే ఉంటారు. ఆకు ఏడాదంతా కష్టపడి పట్టిన మసిని, దానితోపాటు కొత్త మసిని, ఒక్క పూటలో గాలిలోకి వదిలేయడం అది. అవే ఆకులను గుంటలో వేసి మట్టి కప్పితే ఎరువు.

చేసి చూడండి

మీ ఊళ్ళో దుమ్ము పట్టడంలో ఏ చెట్టు గట్టిదో మీరే తేల్చవచ్చు. వాన వెలిసి వారమయ్యాక, సైన్సు మాస్టారి అనుమతితో, రోడ్డు పక్క వేప, కానుగ, రావి, మామిడి చెట్ల నుంచి మీ భుజం ఎత్తులో ఉన్న ఆకులు కోయండి. దులపకుండా, ఒక్కో రకాన్ని వేరువేరు సంచిలో వేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఒక్కో రకం ఆకులను కొద్ది నీళ్ళలో మెత్తని కుంచెతో కడగండి. ముందే తూచిపెట్టుకున్న గాజుపళ్ళెంలో ఆ నీటిని పోసి ఆరనిచ్చి మళ్ళీ తూచండి. పెరిగిన బరువే దుమ్ము. కడిగిన ఆకులను గ్రాఫు కాగితం మీద పెట్టి గీసి, గళ్ళు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. దుమ్మును వైశాల్యంతో భాగించండి. రావి ఆకు తొడిమ పొడవు, కొద్దిపాటి గాలికే అల్లల్లాడుతుంది. దాని మీద దుమ్ము నిలుస్తుందో లేదో చూడండి. బడి ఆవరణ లోపలి చెట్లకూ ఇదే పరీక్ష చేస్తే గోడకు ఇవతలా అవతలా ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

తూచే సాధనం దొరకకపోతే ఇంకొకటి చేయవచ్చు. ఒక నూలుదారం, కొలబద్ద చాలు. మీ వీధి చెట్ల మానులను ఛాతీ ఎత్తులో చుట్టూ కొలవండి. 25 సెంటీమీటర్ల లోపు వస్తే అది 20 గ్రాముల చెట్టు. 2 మీటర్ల 42 సెంటీమీటర్లు దాటితే కిలోన్నరకు దగ్గరి చెట్టు. షికాగో అంకెలు మన చెట్లకు అచ్చంగా సరిపోవు, అంచనాకు పనికొస్తాయి. చెట్టు పేరు, చుట్టుకొలత, మొదట్లో మట్టి ఉందా సిమెంటు ఉందా, తేదీ అన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్ళీ కొలవండి.